మోటివేషన్ వచ్చిన రాత్రి ఏం చేయాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను, మిగతావాళ్లకూ అర్థం కావాలి కదా. మీకు 27 ఏళ్లు. నల్గొండ జిల్లా నుంచి వచ్చి హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నారు, పొద్దున 10 నుంచి సాయంత్రం 7 దాకా. ఎల్బీనగర్ వైపు హాస్టల్లో ఉంటూ తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్-2 పరీక్షకు చదువుతున్నారు. ర్యాంకర్ ఇంటర్వ్యూ చూసిన రోజు రాత్రి రెండింటి దాకా చదువుతారు. నాలుగైదు రోజులు అదే ఊపు. ఆ తర్వాత రెండు వారాలు పుస్తకం ముట్టరు. నాకు తక్కువైంది మోటివేషనా, డిసిప్లినా అని అడిగారు. డిసిప్లిన్ పుట్టుకతోనే రావాలా అన్నది రెండో ప్రశ్న. ఉద్యోగం మానేసి కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో కూర్చుంటే దారిలో పడతానా అన్నది మూడోది.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ అభ్యర్థులకు ఎకానమీ చెప్పడం నా వృత్తి. ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. సూటిగా చెబుతాను: మీకు మోటివేషన్ తక్కువేం లేదు. తెల్లారితే డ్యూటీ పెట్టుకుని రాత్రి రెండింటి దాకా కూర్చున్న మనిషికి కోరిక లేదని ఎవరంటారు? దాన్ని ఖర్చుపెడుతున్న చోటే తేడా కొడుతోంది. ఊపు వచ్చిన రాత్రి మీరు దాన్నంతా చదువు మీద పోసేస్తున్నారు. ఆ ఐదు గంటల చదువులో చాలా భాగం, మళ్లీ తిరగేయకపోతే, రెండు వారాల్లో పోతుంది. పొద్దున లేవలేక మరుసటి రోజు కూడా పోతుంది. ఆ రాత్రి చేసుకోవాల్సినవి ఏర్పాట్లు. రేపు ఎక్కడ కూర్చోవాలి, ఎన్నింటికి, ఏ పేజీతో మొదలుపెట్టాలి, ఫోన్ ఎక్కడుండాలి, నేను రాకపోతే అడిగేవాళ్లెవరు అన్నవి తేల్చుకోవాలి. స్టడీ హాల్‌కు నెల ఫీజు కట్టేయాలి. తేదీలున్న టెస్ట్ సిరీస్‌లో చేరిపోవాలి. ఉత్సాహం పోయాక కూడా ఇవి మిగులుతాయి. బయటి నుంచి చూసేవాళ్లు "అబ్బ, ఏం డిసిప్లిన్" అనుకునేదాంట్లో ముప్పాతిక భాగం ఇవే.

ఇదేదో నేను కనిపెట్టిన సిద్ధాంతం అనుకోకండి. 2002లో మిల్న్, ఆర్బెల్, షీరన్ అనే ముగ్గురు సైకాలజిస్టులు బ్రిటన్‌లో 248 మంది విద్యార్థుల మీద చేసిన ప్రయోగం అచ్చైంది. వచ్చే వారంలో కనీసం ఒక్కసారైనా 20 నిమిషాలు గట్టిగా వ్యాయామం చేస్తారా లేదా అని చూశారు. కొందరికి ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. కొందరికి గుండె జబ్బుల గురించి, వ్యాయామం చేస్తే కలిగే మేలు గురించి బాగా కదిలించే సమాచారం ఇచ్చారు. మూడో గుంపుకు అదే సమాచారం ఇచ్చి, దాంతోపాటు "ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ చేస్తారో రాయండి" అన్నారు. మొదటి రెండు గుంపుల్లో వ్యాయామం చేసినవాళ్లు పదిమందికి నలుగురు కూడా లేరు. మూడో గుంపులో పదిమందికి తొమ్మిదిమంది చేశారు. రెండో గుంపువాళ్లకు చేయాలన్న కోరిక పెరిగింది, చేసినవాళ్ల సంఖ్య మాత్రం పెరగలేదు. మీరు ఇంటర్వ్యూలు చూసి ఊగిపోయే రాత్రులు అచ్చంగా ఆ రెండో గుంపు బాపతు. మూడో గుంపుకు కూడా ప్రేరణ కలిగించే సమాచారం ఇచ్చారన్నది మరిచిపోకండి. ప్రేరణ అక్కర్లేదని ఆ ప్రయోగం చెప్పడం లేదు.

ఆ ఇంటర్వ్యూల మీద ఇంకో మాట. 2011లో హెదర్ కేపస్, గాబ్రియేల్ ఓటింగెన్ అనే పరిశోధకులు చూపించిందేమిటంటే, కోరుకున్నది దక్కేసినట్టు హాయిగా ఊహించుకున్నప్పుడు మనిషిలో చురుకు పెరగడానికి బదులు తగ్గుతుంది. డిప్యూటీ తహసీల్దార్ కుర్చీలో కూర్చున్నట్టు, ఊళ్లో సన్మానం జరుగుతున్నట్టు ఊహించుకుంటే మనసుకు ఆ సుఖం ముందే అందిపోతుంది. చూడొద్దనను. కానీ ర్యాంకర్ ఇంటర్వ్యూలో నాకెప్పుడూ ఒక లోటు కనిపిస్తుంది. రోజుకు 14 గంటలు చదివామని చెబుతారు, ఆ 14 గంటలూ అన్నం ఎవరు వండిపెట్టారో చెప్పరు.

ఇక డిసిప్లిన్ పుట్టుకతో వస్తుందా అన్న ప్రశ్న. స్వభావాల్లో తేడాలుంటాయి, లేవని అనను. కొందరు చిన్నప్పటి నుంచే ఒక పద్ధతిగా ఉంటారు. అయితే మీ ఊళ్లో అయ్యప్ప మాల వేసుకునేవాళ్లను ఒకసారి గుర్తు చేసుకోండి. ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. ఏడాదంతా పొద్దున ఎనిమిదైనా లేవడు, రోజుకు పెట్టె సిగరెట్లు, సాయంత్రమైతే మందు. అదే మనిషి కార్తీకంలో మాల వేసుకుంటే 41 రోజులు తెల్లవారుజామున నాలుగింటికి లేచి చన్నీళ్ల స్నానం చేస్తాడు. చలి వణికిస్తున్నా చేస్తాడు. చాప మీద పడుకుంటాడు. సిగరెట్ ముట్టడు. ఈ 41 రోజులకు ఇంత సంకల్ప బలం ఎక్కడి నుంచి వచ్చింది?

భక్తి ఉంది, కాదనను. కానీ చుట్టూ ఏం మారిందో చూడండి. నల్లబట్టలు వేసుకోగానే ఊరందరికీ తెలిసిపోయింది. పాన్‌షాపువాడు కూడా "స్వామీ" అని పిలుస్తాడు, సిగరెట్ అడగడానికి నోరు రాదు. స్నానం ఎన్నింటికి, పూజ ఎన్నింటికి, తినేదేమిటి అన్నది రోజూ కొత్తగా ఆలోచించుకునే పని లేదు. ముందే తేల్చేసి ఉంది. పక్కన పదిమంది స్వాములు అదే పని చేస్తున్నారు. పైన గురుస్వామి ఉన్నాడు. ఇంట్లోవాళ్లు కూడా ఆ 41 రోజులు వంట దగ్గర్నుంచి మాట దాకా మార్చుకున్నారు. ఎప్పుడు మొదలైందో తెలుసు, ఎప్పుడు ముగుస్తుందో తెలుసు. కొండకు వెళ్లొచ్చి మాల తీశాక చాలామందికి రెండు వారాల్లో పాత అలవాట్లన్నీ తిరిగొస్తాయి. మనిషి అతనే, భక్తి కూడా పోలేదు. చుట్టూ ఉన్న కట్టుబాట్లు పోయాయి. ఇది చూసిన తర్వాత కూడా డిసిప్లిన్ అనేది రక్తంలో ఉండాలి, నాలో లేదు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మీ ఊళ్లో ఆ మనిషి చేయగలిగాడంటే మీరూ చేయగలరు. కాకపోతే మీ చదువుకు మాల వేసేవాళ్లెవరూ లేరు, ఆ ఏర్పాటు మీరే చేసుకోవాలి.

నిగ్రహం ఎక్కువున్నవాళ్లు లోపల పెద్ద యుద్ధం చేసి గెలుస్తారని మనం అనుకుంటాం. 2012లో విల్‌హెల్మ్ హాఫ్‌మన్ బృందం జర్మనీలో 205 మందిని వారం పాటు, రోజుకు పలుమార్లు, ఇప్పుడు దేని మీదికి మనసు పోతోంది, ఆపుకున్నారా అని అడిగి చూసింది. నిగ్రహం ఎక్కువున్నవాళ్లకు అసలు అలాంటి పెనుగులాటలే తక్కువగా ఎదురయ్యాయి. నా అనుభవమూ అదే. క్లాసులో నిలకడగా చదివే పిల్లలు ఫోన్‌తో కుస్తీ పట్టరు, ఫోన్‌ను రూమ్‌లో పడేసి వస్తారు.

ఇప్పుడు మన గ్రూప్-2 సంగతికి వద్దాం. మోటివేషన్‌కూ డిసిప్లిన్‌కూ తేడా చూడాలంటే గత నోటిఫికేషన్‌ను మించిన ఉదాహరణ నాకు దొరకదు. 783 పోస్టులకు 2022 డిసెంబరు చివర్లో నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు 29, 30 అన్నారు. నవంబరుకు జరిపారు. ఎన్నికలొచ్చాయి, 2024 జనవరి అన్నారు. ప్రభుత్వం మారింది, పబ్లిక్ సర్వీస్ కమిషన్ మారింది, ఆగస్టు 7, 8 అన్నారు. డీఎస్సీ పరీక్షలు కూడా ఆ దగ్గర్లోనే ఉన్నాయని అభ్యర్థులే ఆందోళన చేస్తే ఇంకోసారి వాయిదా. చివరికి 2024 డిసెంబరు 15, 16న జరిగింది. గ్రూప్-1 వాళ్ల గోడు ఇంకా పెద్దది. 2022 అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్‌ను పేపర్ లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ రాస్తే సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు మళ్లీ కొత్త నోటిఫికేషన్.

ప్రతి వాయిదాకూ మా క్లాసులు సగం ఖాళీ అయ్యేవి. ఊళ్లకు వెళ్లిపోయేవాళ్లు, కొత్త తేదీ ప్రకటించగానే పరుగెత్తుకొచ్చి రోజుకు 14 గంటలు కూర్చునేవాళ్లు. వాళ్ల ఊపంతా తేదీకి ముడిపడి ఉంది. తేదీ పోతే అదీ పోయేది. రోజూ అదే కుర్చీలో అదే రెండు మూడు గంటలు కూర్చునే కొద్దిమందికి కూడా వాయిదా వార్త బాధే, తిట్టుకునేవాళ్లు కూడా. కానీ మరుసటి రోజు పొద్దున ఏం చదవాలో ముందే తేలి ఉంది కాబట్టి వచ్చి కూర్చునేవాళ్లు. ఆ పరీక్షకు దాదాపు ఐదున్నర లక్షల మంది దరఖాస్తు చేశారు. హాల్లోకి వచ్చినవాళ్లు అందులో సగం కూడా లేరు. రానివాళ్లంతా నీరుగారిపోయారని అనలేం. కొందరికి వేరే ఉద్యోగాలొచ్చాయి, కొందరు ఊరికే ఓ రాయి వేసి చూద్దామని అప్లై చేసినవాళ్లు. అయినా ఆ ఖాళీ బెంచీల్లో రెండేళ్లు తేదీల వెంట పరుగెత్తి అలిసిపోయినవాళ్లు చాలామందే ఉన్నారని నాకు తెలుసు, వాళ్లలో నా విద్యార్థులూ ఉన్నారు కాబట్టి.

ఇంకో చోట కూడా ఈ తేడా బయటపడుతుంది, దీన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. ఉత్సాహం వచ్చినప్పుడు మీరు ఏ పుస్తకం తీస్తారు? నేను పందెం కాస్తాను, తెలంగాణ ఉద్యమం. లేదంటే పాలిటీలో ప్రాథమిక హక్కులు. గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600. ఉద్యమ చరిత్ర నాలుగో పేపర్. 1969 గురించి, మిలియన్ మార్చ్ గురించి చదువుతుంటే కథలా సాగిపోతుంది, ఒళ్లు పులకరిస్తుంది కూడా. నేను చెప్పే మూడో పేపర్, అంటే ఎకానమీ, అలా ఉండదు. జీఎస్‌డీపీ (రాష్ట్ర స్థూల ఉత్పత్తి) లెక్కలు, భూ కమతాలు, జనాభా నిష్పత్తులు. మొదటి పేపర్‌లో రీజనింగ్ సంగతి చెప్పక్కర్లేదు. మనసు పోయినప్పుడే చదివేవాడు మనసు పోయిన సబ్జెక్టే చదువుతాడు. అలా ఉద్యమ చరిత్ర ఆరుసార్లు పూర్తవుతుంది, ఎకానమీ ఒక్కసారీ కాదు. పరీక్ష మాత్రం నాలుగు పేపర్లనూ సమానంగానే చూస్తుంది.

చదివే పద్ధతిలోనూ అంతే. చదివిందే మళ్లీ చదువుతుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది, హుషారుగా ఉంటుంది. పుస్తకం మూసి బిట్లు రాస్తే సగం తప్పులు, నీరసం వస్తుంది. రోడిగర్, కార్పికే 2006లో చేసిన ప్రయోగంలో ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే మాత్రం చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లే ముందున్నారు. అంటే మేలు చేసే పని చేస్తున్నప్పుడు బాగోదు. ఆ క్షణంలో హుషారుగా ఉందా లేదా అన్నదాన్ని కొలబద్దగా పెట్టుకుంటే తప్పుదారి పడతాం. మీరు రాత్రి రెండింటి దాకా చదివి తృప్తిగా పడుకున్న రాత్రుల్లో ఎన్ని బిట్లు రాశారో ఒకసారి లెక్క చూసుకోండి.

సరే, మీరేం చేయాలి? డ్యూటీ అయిపోయి హాస్టల్ చేరేసరికి ఎనిమిది దాటుతుంది, అప్పుడు చదువుతానని పెట్టుకోకండి. ఎవరి వల్లా కాదు. పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా, హాస్టల్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, అంత పొద్దున్నే తెరిచే స్టడీ హాల్ చూసుకోండి. గదిలో మంచం పక్కన చదువు సాగదు, ముందే చెబుతున్నాను. ఏ కుర్చీ అన్నది కూడా ఖాయం చేసుకోండి. ఫోన్ హాస్టల్లోనే వదిలేయండి. అలారం కోసం అంటారేమో, బజార్లో మామూలు అలారం గడియారం దొరుకుతుంది. రేపు పొద్దున తీయాల్సిన పుస్తకం, పేజీ నంబరుతో సహా, ఈ రాత్రే సంచిలో పెట్టండి. కూర్చోగానే మొదటి ఇరవై నిమిషాలు నిన్న చదివినదాని మీద చూడకుండా బిట్లు. ఆ తర్వాత మీకు ఇష్టం లేని సబ్జెక్టు. ఉద్యమ చరిత్రను బస్సులోకో ఆదివారం మధ్యాహ్నానికో నెట్టేయండి. అది మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది, దానికి కుర్చీ అక్కర్లేదు. ఆదివారం పొద్దున ఒక టెస్ట్.

టైమ్‌టేబుల్ గీయకండి. ఈ మాట నవ్వుతూ అంటున్నాను గానీ మనస్ఫూర్తిగానే అంటున్నాను. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో గీసిన టైమ్‌టేబుళ్లు అశోక్‌నగర్ గదుల గోడల మీద కోకొల్లలు. గీస్తున్నంతసేపూ చదివేసినంత తృప్తి. అక్కడే ఊపంతా అయిపోతుంది.

ఒంట్లో బాగోని రోజు, ఆఫీసులో నెలాఖరు హడావిడి ఉన్న రోజు, చుట్టాల పెళ్లి రోజు ఏం చేయాలో కూడా ముందే తేల్చుకోండి. పది బిట్లు, పదిహేను నిమిషాలు. అంతే. పెళ్లి మండపంలో కూర్చుని కూడా చేయగలగాలి. మార్కుల లెక్కన చూస్తే దాంతో ఒరిగేదేమీ లేదు, కానీ తెగిపోలేదన్న నమ్మకం మిగులుతుంది. అదీ కుదరకపోయిందా, వదిలేయండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో అచ్చువేసిన పరిశోధనలో, ఒక కొత్త పని దానంతటదే జరిగిపోయే అలవాటు కావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. అందరూ చెప్పే 21 రోజుల లెక్కను నమ్ముకుని ఇరవై రెండో రోజు బద్ధకం వేస్తే కంగారు పడకండి. మధ్యలో ఒక్కరోజు తప్పినందువల్ల పెద్ద తేడా రాలేదని కూడా అదే పరిశోధనలో తేలింది. మీకు రెండు వారాలు పోవడానికి కారణం మొదటి రోజు తప్పడం కాదనుకుంటాను. "ఎలాగూ పోయింది, సోమవారం నుంచి గట్టిగా మొదలుపెడదాం" అనుకోవడమే.

ఇంతసేపూ ఏర్పాట్ల గురించి చెప్పాను కదా, మోటివేషన్‌ను తీసిపారేస్తున్నానని అనుకోవద్దు. దాన్ని నమ్ముకోవాల్సిన చోటు ఒకటుంది. ఈ ఉద్యోగం నాకు ఎందుకు కావాలి అన్న ప్రశ్నకు జవాబు ఎంత పకడ్బందీ టైమింగ్ పెట్టుకున్నా దొరకదు. నాన్న కోరిక అనో, ఫ్రెండ్స్ అందరూ రాస్తున్నారు అనో, పెళ్లి సంబంధాలకు గవర్నమెంట్ జాబ్ అయితే మంచిదనో చదివేవాళ్లను చూశాను. అలాంటివాళ్లు కొంతకాలం బాగానే చదువుతారు, మొదటి దెబ్బకు మాత్రం తేరుకోలేరు. ఇంకా కష్టమైన మాట చెప్పాలంటే, డిసిప్లిన్ మరీ బాగా కుదిరినవాళ్లు తప్పుదారిలో కూడా ఆరేళ్లు నిలకడగా నడవగలరు. 2024లో ప్రభుత్వం గరిష్ఠ వయసును 46 ఏళ్లకు పెంచాక, ఆపాల్సిన సమయం ఎప్పుడన్నది ఎవరూ ఆలోచించడమే మానేశారు. మీకిప్పుడు మనసు బాగున్న రోజునే ఒక కాగితం మీద రాసుకోండి: ఎన్ని నోటిఫికేషన్లు రాస్తాను, ఎంత మార్కుల తేడాతో పోతే మళ్లీ కూర్చుంటాను, ఎంత తేడా ఉంటే వదిలేస్తాను. ఫలితాలొచ్చిన రాత్రి ఆ నిర్ణయం తీసుకోగలిగేవాళ్లు అరుదు.

ఒక్క జాగ్రత్త. రెండు వారాలు పుస్తకం ముట్టలేదన్నారు. ఆ రెండు వారాల్లో సినిమాలు, ఫ్రెండ్స్, నవ్వులు మామూలుగానే ఉన్నాయంటే పైన చెప్పినవి చాలు. అలా కాకుండా నిద్ర పట్టడం లేదు, తిండి సహించడం లేదు, ఇష్టమైనవాళ్లతో మాట్లాడాలని కూడా అనిపించడం లేదు అంటే దాన్ని డిసిప్లిన్ ఖాతాలో వేయకండి. డాక్టర్‌ను కలవండి. మానసిక ఆరోగ్యానికి సాయం చేసే టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

చివరగా ఉద్యోగం మానేసే సంగతి. ఇప్పుడే వద్దు. ప్రస్తుతం మీ రోజుకు ఉన్న ఒకే ఒక్క కట్టుబాటు ఆ ఉద్యోగమే. అది తీసేస్తే 14 గంటలు చేతికొస్తాయి, వాటిని నింపడానికి ఏమీ ఉండదు. చిక్కడపల్లి గ్రంథాలయం చుట్టుపక్కల టీ కొట్ల దగ్గర పొద్దంతా వాయిదా పడుతుందా లేదా అని చర్చించేవాళ్లలో ఉద్యోగాలు వదిలేసి వచ్చినవాళ్లు తక్కువేమీ లేరు. పైగా జీతం ఆగితే ఇంటి నుంచి డబ్బు అడగాలి, అది ఇంకో బరువు. పొద్దుటి రెండు గంటలు మూడు నెలలు నిలబెట్టుకోగలిగితే, పరీక్ష తేదీ ఖాయమయ్యాక చివరి నెలా నెలన్నరకు జీతం లేని సెలవు ఇస్తారేమో మీ హెచ్‌ఆర్‌లో కనుక్కోండి. ఆ మాట ఇప్పుడే అడిగిపెట్టుకోవడం మంచిది. హాల్‌టికెట్లు వచ్చాక అడిగితే అదే ఆఫీసులో అదే పరీక్షకు సెలవు కావాలనేవాళ్లు ఇంకో నలుగురు క్యూలో ఉంటారు.